నిద్రపోయే ముసాఫిర్ ఎవరి జిమ్మా?

గుల్బర్గా ఉర్సుకో, అజ్మేర్ జియారత్‌కో, బెంగళూరులో ఏదో వలీమాకో బండి మాట్లాడుకుని రాత్రిపూట బయల్దేరడం మన ఇళ్లలో పాత రివాజే. పగలైతే ఎండ, రాత్రయితే దారి ఖాళీ, పిల్లలు పడుకుంటారు అని పెద్దల లెక్క. రెండు గంటలయ్యేసరికి డ్రైవర్ కళ్లు మూతలు పడతాయి. పెట్రోల్ బంకు పక్కనో, ధాబా ముందో బండి ఆపుతాడు. ఆడవాళ్లు అద్దాలు ఎత్తుకుని లోపలే ముడుచుకుంటారు. మగవాళ్లు కింద దుప్పటి పరుచుకుంటారు. ఆ మూడు నాలుగు గంటల నిద్రకు జిమ్మేదార్ ఎవరు? ధాబా యజమానా, బంకువాడా, పోలీసా, రోడ్డు వేసిన హకూమతా? అడిగి చూడండి, ప్రతి ఒక్కరూ పక్కవాడిని చూపిస్తారు. ఒకప్పుడు మన ముల్కులో ఈ సవాల్‌కు సాఫ్‌గా జవాబు ఉండేది. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా జారిపోయింది అన్నదే ఈ మజ్మూన్.

ముందు జిమ్మా అనే మాట సంగతి. మనం రోజూ వాడే జిమ్మేదారీకి మూలం అరబ్బీలోని ఈ మాటే. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక రివాయత్ ఉంది. పిట్టగోడ లేని మిద్దె మీద పడుకున్నవాడి విషయంలో ఇక ఎవరికీ జిమ్మా లేదని దాని సారాంశం. అంటే పిట్టగోడ కట్టుకుని పడుకున్నవాడి మీద ఒక జిమ్మా ఉంది, దాన్ని వాడు చేజేతులా వదులుకోకూడదు. సహీహ్ ముస్లింలో ఇంకొకటి. సఫర్‌లో రాత్రి మకాం వేస్తే దారి మీద వేయొద్దు, పక్కకు జరగమని. రాత్రివేళ దారి జంతువులు నడిచే చోటు, పురుగూ పుట్రా చేరే చోటు అని అందులోనే కారణం కూడా ఉంది. పడుకునే ముందు దీపాలు ఆర్పమని, తలుపులు వేయమని, తినే వస్తువుల మీద మూత పెట్టమని బుఖారీలో ఉన్నది చిన్నప్పుడు మదర్సాలో అందరం చదివిందే. ఇవి ఎడారిలో నడిచే కాఫిలాలకు చెప్పిన మాటలు. కానీ హైవే అంచున ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఇంకో బండి గుద్దిన వార్త చదివినప్పుడల్లా దారి మీద కాదు, పక్కకు అన్న ఆ మాటే నాకు గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ దారిలో నడిచే జంతువుకు పదహారు చక్రాలు.

ఖుర్ఆన్ సూరె తౌబాలో జకాత్ అందుకోదగిన ఎనిమిది రకాల మనుషుల్లో ఇబ్నుస్సబీల్ ఒకడు. మాటకు మాట అర్థం చెబితే దారి కొడుకు. ఊళ్లో ధనవంతుడే కావచ్చు, దారిలో మాత్రం వాడు హక్‌దార్. సుల్తానులు, బేగంలు, సౌదాగర్లు మస్జిద్ పక్కనే సరాయి కట్టి దానికి భూమి వక్ఫ్ చేయడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

సరాయి ఫార్సీ మాట. ఇల్లు, మహల్ అని అర్థం. కార్వాన్ ఆగే ఇల్లు కార్వాన్‌సరాయి. ఒక రోజు నడక మంజిల్. ఈ మంజిలే తెలుగులోకి వచ్చి మజిలీ అయింది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథల్లో ప్రతి మజిలీలోనూ ఒక కథ నడుస్తుందే, ఆ మజిలీ మన మంజిలే. మకాం, పహరా, చౌకీ కూడా అలా వచ్చినవే. దారికి సంబంధించిన మాటలు అన్ని జబానులూ కలిసి వాడుకున్నాయి, ఎందుకంటే దారిలో అందరూ కలిసే నడిచారు.

ఇక తారీఖ్‌లోకి వద్దాం. షేర్ షా సూరీ హకూమత్ నడిపింది 1540 నుంచి 1545 దాకా, ఐదేళ్లు. పంజాబ్‌లోని రోహ్తాస్ కిల్లా నుంచి బంగాళాలోని సోనార్‌గావ్ దాకా సడక్, ఆగ్రా నుంచి బుర్హాన్‌పూర్‌కు ఒకటి, జోధ్‌పూర్, చిత్తోడ్ వైపు ఒకటి, లాహోర్ నుంచి ముల్తాన్‌కు ఒకటి. ఈ దారుల మీద ప్రతి రెండు కోసులకు ఒక సరాయి కట్టించాడని అబ్బాస్ ఖాన్ సర్వానీ తన తారీఖె షేర్‌షాహీలో రాశాడు. రెండు కోసులంటే దాదాపు ఆరు కిలోమీటర్లు. మొత్తం 1700 సరాయిలట. ఈ అంకె మీద నాకు పూర్తి యకీన్ లేదు. సర్వానీ రాసింది అక్బర్ కాలంలో, షేర్ షా పోయిన కొన్ని దశాబ్దాలకు. తానూ పఠానే కాబట్టి తనవాడి గొప్ప చెప్పుకోవాలన్న షౌక్ అతని కలంలో కనిపిస్తుంది. కానీ సరాయి లోపల ఏముండేదో అతను చెప్పిన తీరులో వివరం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం.

దర్వాజా దగ్గర నీళ్ల కుండలు. హిందువులకు, ముస్లింలకు వేరువేరు గదులు. హిందూ ముసాఫిర్లకు వేడినీళ్లు, చన్నీళ్లు, మంచం, భోజనం, గుర్రానికి దాణా చూసేందుకు బ్రాహ్మణులు. మధ్యలో బావి, కాల్చిన ఇటుకలతో మస్జిద్, అందులో ఒక ఇమామ్, ఒక ముఅజ్జిన్. సరాయి మీద ఒక షహ్నా, అంటే అధికారి, అతని కింద చౌకీదార్లు. వీళ్లందరి జీతానికీ సరాయి చుట్టుపక్కల భూమి. డాక్ కోసం ప్రతి సరాయిలో రెండు గుర్రాలు. వేరు వంటలు, వేరు గదులు చూసి ఈ కాలం కళ్లతో ముఖం చిట్లించవచ్చు. కానీ ఎవరి పరహేజ్ వాళ్లకు ఉన్న రోజుల్లో ఇద్దరినీ ఒకే దర్వాజా వెనక, ఒకే పహరాలో పడుకోబెట్టిన ఇంతెజాం అది.

అసలు సంగతి గోడల్లో లేదు. షేర్ షా కానూన్ ప్రకారం ఒక గ్రామం సరిహద్దులో ముసాఫిర్‌ను ఎవరైనా దోచుకుంటే దొంగను పట్టించాల్సింది ఆ గ్రామ ముఖద్దం. పట్టించలేకపోతే పోయిన సొమ్ము వాళ్లే కట్టాలి. ఖూనీ జరిగి హంతకుడు దొరకకపోతే ముఖద్దం ప్రాణమే పోయేది. ఇది జుల్మ్ కాదా అంటే, అవును, జుల్మే. చేయని నేరానికి ఊరి పెద్ద తల తీయడం ఏ అద్ల్ కిందా రాదు. అయితే దాని ఫలితం ఏమిటో ఊహించండి. దారిన పోయే పరాయివాడి నిద్ర మీద ఊరి మొత్తానికీ కన్ను ఉంటుంది. ముసలమ్మ నెత్తిన బంగారపు బుట్ట పెట్టుకుని నడిచినా ఎవరూ ముట్టేవారు కాదని సర్వానీ అంటాడు. మాట పెద్దదే, కానీ వెనక ఉన్నది ఈ కానూనే.

అక్బర్ కాలానికి ఈ జిమ్మా ముఖద్దం నుంచి పట్టణాల్లో కొత్వాల్ మీదికి వచ్చింది. అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో కొత్వాల్ పనులు రాస్తూ రెండు విషయాలు చెప్పాడు. ఊరికి వచ్చిన అజ్నబీలను దింపడానికి వేరుగా ఒక సరాయి పెట్టి వాళ్ల మీద నిఘా ఉంచాలి. దొంగతనం జరిగితే దొంగను సొమ్ముతో సహా పట్టుకోవాలి, లేకపోతే నష్టానికి తానే జవాబుదారీ. చూడండి, ముసాఫిర్‌ను కాపాడటం, ముసాఫిర్‌ను అనుమానించడం రెండూ ఒకే ఇమారత్‌లో మొదలయ్యాయి. ఈ రెండో సంగతి తర్వాత అంగ్రేజుల దగ్గర మళ్లీ కనిపిస్తుంది.

జహంగీర్ 1605లో తఖ్త్ ఎక్కగానే పన్నెండు హుకుంలు జారీ చేశాడు. తన తుజుక్‌లో తానే వరుసగా రాసుకున్నాడు. రెండో హుకుం మన విషయమే. చోరీలు, దోపిడీలు జరిగే దారుల్లో, ఆబాదీకి దూరంగా ఉన్న చోట్ల అక్కడి జాగీర్దార్లు సరాయి, మస్జిద్ కట్టాలి, బావి తవ్వాలి, అక్కడ జనం వచ్చి స్థిరపడేలా చూడాలి. ఆ భూమి బాద్షాహీ ఖాలిసా అయితే అక్కడి అధికారి ఆ పని చేయాలి. సౌదాగర్ల మూటలను వాళ్ల అనుమతి లేకుండా దారిలో విప్పకూడదన్నది మూడో హుకుం. రెండో హుకుంలోని తెలివి చూడండి. సిపాయిలను పంపమనలేదు, మనుషుల్ని కాపురం పెట్టించమన్నాడు. దీపం వెలిగే ఇల్లు, నీళ్లు తోడే చప్పుడు, అజాన్ వినిపించే చోట దొంగకు పని తక్కువ. ఈ రోజు కూడా అనుభవం ఉన్న డ్రైవర్లు చీకటి చెట్ల కింద ఆపరు. నాలుగు బండ్లు, ఒక టీ కొట్టు, ఒక బల్బు ఉన్న చోటే ఆపుతారు. జహంగీర్ పేరు వాళ్లకు అవసరం లేదు.

సరాయి లోపల రాత్రి ఎలా గడిచేదో తెలుసుకోవాలంటే నికోలో మనూచీ దగ్గరికి వెళ్లాలి. వెనిస్ నుంచి వచ్చిన కుర్రవాడు, 1656లో హిందుస్తాన్‌లో అడుగుపెట్టి జిందగీ మొత్తం ఇక్కడే గడిపాడు. అతను చెప్పే సరాయి ఒక చిన్న కిల్లా. రాయితోనో ఇటుకతోనో కట్టిన గోడలు, బురుజులు, బలమైన దర్వాజాలు. ఎనిమిది వందల నుంచి వెయ్యి మంది దాకా తమ గుర్రాలు, ఒంటెలు, బండ్లతో పట్టేవాళ్లు. సిపాయిలకు ప్రవేశం లేదు, అది ముసాఫిర్ల కోసం మాత్రమే. ఆయుధం ఉన్నవాడిని బయట ఉంచడమే మొదటి హిఫాజత్ అని ఎవరో ఆలోచించి పెట్టిన నియమం.

పొద్దుగూకగానే సరాయి అధికారి తలుపులు మూసేవాడు. మూసి గట్టిగా కేక వేసేవాడు. ఎవరి సామాను వాళ్లు చూసుకోండి, గుర్రాలను ముందు కాళ్లకు, వెనక కాళ్లకు కట్టేయండి, ముఖ్యంగా కుక్కలతో జాగ్రత్త! హిందుస్తానీ కుక్కలు మహా తెలివైన దొంగలని మనూచీ గట్టి నమ్మకం, దాని మీద కిస్సా కూడా చెబుతాడు. హైవే ధాబాల దగ్గర చెప్పులు ఎత్తుకుపోయే కుక్కల్ని చూసినవాళ్లకు ఇందులో వింత ఏమీ ఉండదు.

అసలు కానూన్ పొద్దున. ఆరు గంటలకు తలుపు తీసే ముందు దర్బాన్ మూడుసార్లు కేక వేసేవాడు, ఎవరి వస్తువులు వాళ్లు సరిచూసుకోండని. మూడో కేక అయ్యాక ఎవరైనా నా వస్తువు పోయిందని చెబితే అది దొరికేదాకా తలుపు తెరిచేవారు కాదు. వెయ్యి మంది, వాళ్ల ఒంటెలతో సహా, లోపలే ఆగాలి. దొరికిన దొంగను సరాయి ఎదుటే ఉరి తీసేవారు. అందుకే ఫిర్యాదు వినపడగానే దొంగ ఆ వస్తువును ఎక్కడో ఒకచోట జారవిడిచేవాడట. ఉరి సంగతి అలా ఉంచి మిగతాది చూడండి. ఖర్చు లేని, కత్తి లేని ఇంతెజాం. ఒక్కడి సామాను పోతే వెయ్యి మంది సఫర్ ఆగుతుంది కాబట్టి వెయ్యి మందీ ఆ ఒక్కడికి పహరా.

దీనికి మూడు వందల ఏళ్ల ముందు ఇబ్న్ బతూతా చీనా దారుల గురించి రాసింది ఇంకా పకడ్బందీగా ఉంది. అతను చీనాలో నిజంగా ఎంత దూరం తిరిగాడన్న దాని మీద చరిత్రకారుల్లో షక్ ఉంది, ఆ బహస్ వేరు. రాసింది మాత్రం ఇది. ప్రతి మంజిల్‌లో ఒక ఫందుక్, దానికి ఒక హాకిం, అతని దగ్గర గుర్రపు సిపాయిలు, కాలి సిపాయిలు. మగ్రిబ్ తర్వాత హాకిం తన మున్షీతో వచ్చి ఆ రాత్రి పడుకునే ప్రతి ముసాఫిర్ పేరూ రాయించి, కాగితానికి మొహర్ వేసి, బయట నుంచి తలుపు వేసేవాడు. పొద్దున మళ్లీ వచ్చి ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి సరిచూసేవాడు. తర్వాత తన మనిషిని తోడిచ్చి పంపేవాడు. ఆ మనిషి తర్వాతి మంజిల్ హాకిం దగ్గర అందరూ క్షేమంగా చేరారని రసీదు తెచ్చి చూపించాలి. మనుషులకు రసీదు! మా ఖాందాన్‌లో ఒక ఫూఫీ ఉండేవారు, బస్సు కదిలే ముందు పిల్లల పేర్లన్నీ వరుసగా పిలిచేవారు, ఎవరైనా పలక్కపోతే డ్రైవర్‌ను కదలనిచ్చేవారు కాదు. ఇబ్న్ బతూతా చదివినప్పుడు ఆ మున్షీ గొంతు నాకు ఆమెదిలాగే వినిపించింది.

అన్నీ బాగున్నాయనుకుంటే ఫ్రాన్స్ హకీం బెర్నియే మాట కూడా వినాలి. అతని దృష్టిలో మన సరాయిలు మామూలుగా పెద్ద పశువుల కొట్టాలు. వందల మంది మనుషులు గుర్రాలు, కంచర గాడిదలు, ఒంటెలతో కలిసి పడుకోవడం, ఎండాకాలం ఊపిరాడకపోవడం, చలికాలం ఆ జంతువుల ఊపిరి వేడితోనే బతకడం. ఒక్క సరాయిని మాత్రం మెచ్చుకున్నాడు. షాజహాన్ కూతురు జహాఁఆరా బేగం ఢిల్లీ చాందినీ చౌక్‌లో కట్టించింది. ఈరాన్, ఉజ్బెక్ సౌదాగర్లు అక్కడ దిగేవారు, రాత్రి తలుపు మూసేస్తారు కాబట్టి నిశ్చింతగా ఉండేవారు. పారిస్‌లో ఇలాంటివి ఇరవై ఉంటే కొత్తగా వచ్చేవాళ్లకు ఎంత బాగుండునో అన్నాడు. 1857 తర్వాత అంగ్రేజులు ఆ సరాయిని పడగొట్టి ఆ స్థలంలో టౌన్‌హాల్ కట్టారు. ఢిల్లీ వెళ్లినప్పుడు ఘంటాఘర్ దగ్గర నిలబడితే మీరు నిలబడిన చోటు అదే.

సరాయి నడిపినవాళ్ల పేర్లు ఏ తారీఖ్‌లోనూ లేవు. వంట చేసి, మంచాలు వేసి, నీళ్లు పెట్టిన భటియారాలు, భటియారిన్‌లు. అందులో ఆడవాళ్లే ఎక్కువ పని చేసేవారు. ముసాఫిర్‌ను మొదట పలకరించేదీ, చివర లెక్క అడిగేదీ వాళ్లే. ఉర్దూలో భటియారిన్ అనే మాట తర్వాత గయ్యాళి అనే అర్థంలోకి దిగిపోయింది. రాత్రంతా వందల మందికి వండిపెట్టి పొద్దున డబ్బులు గట్టిగా అడిగిన పాపానికి.

మన దక్కన్‌కు వద్దాం. గోల్కొండ కిల్లా నుంచి పురానాపుల్ వైపు వచ్చే దారి మీద మొహల్లా పేరే కార్వాన్. పురానాపుల్ కట్టింది 1578లో. ఆ పుల్‌కు దగ్గరలోనే కుతుబ్‌షాహీ దర్బారులోని హబ్షీ అధికారి మలిక్ మిష్క్ కట్టించిన మియాఁ మిష్క్ మస్జిద్ ఉంది, చుట్టూ ముసాఫిర్ల గదులతో. ఫ్రెంచి జవాహరాత్ సౌదాగర్ తావెర్నియే కూడా ఈ షహర్ శివారులోని మస్జిద్‌లు పరాయివాళ్లకు సరాయిల్లా పనికొచ్చేవని రాశాడు. షేక్‌పేటలో రెండంతస్తుల కుతుబ్‌షాహీ సరాయి ఇంకా నిలబడి ఉంది. పైన మనుషులకు గదులు, జంతువులకు వేరే చోటు, పక్కన మస్జిద్. బెర్నియే ఫిర్యాదుకు సగం జవాబు అక్కడ ఉంది.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది హయత్‌నగర్. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరుతో వెలసిన ఊరు. ఆమె ఇంతెఖాల్ 1667లో. షహర్ నుంచి మచిలీపట్నం బందర్‌కు పోయే దారిలో మొదటి మజిలీల్లో ఇదొకటి. పెద్ద ఎత్తైన అరుగు మీద మస్జిద్, దాని సహన్ చుట్టూ నాలుగు వైపులా వరుసగా కమాన్‌ల గదులు, దగ్గరలో ఏనుగుల చేత నీళ్లు తోడించిన హాథీ బావ్లీ. మస్జిద్ మధ్యలో ఉండి గదులన్నీ దాని వైపే ముఖం తిప్పి ఉంటాయి. లోపలికి వచ్చేవాడు, బయటికి పోయేవాడు అందరి కళ్ల ముందు నుంచే నడవాలి. సీసీ కెమెరా లేని కాలంలో ఇమారత్ గీసిన నక్షాయే కెమెరా. ఇప్పుడు బందర్ దారి పేరు జాతీయ రహదారి 65. విజయవాడకు పోతూ హయత్‌నగర్ ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ ఆగిన ప్రతిసారీ మనం నాలుగు వందల ఏళ్ల నాటి మజిలీలోనే ఆగుతున్నాం.

తెలుగు దేశంలో సరాయికి జోడీ సత్రం. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి మన హైదరాబాద్ మీదుగా కాశీ వెళ్లి 1831 సెప్టెంబర్ 3న తిరిగి వచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ వెంట మజిలీ నడుస్తుంది. ఎక్కడ దిగడానికి వసతి ఉంది, నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా లేవా అన్న వివరాలే దాని నిండా. పరివారం పెద్దదే కాబట్టి ఆయనకు భయం తక్కువ. ఒంటరి ముసాఫిర్‌కు మాత్రం అవి చెడ్డ రోజులు.

ఎందుకంటే అదే కాలంలో మధ్య హిందుస్తాన్, దక్కన్ దారుల్లో ఠగ్గుల పేరు చెబితే వణుకు. 1830ల్లో స్లీమన్ అనే అంగ్రేజు అఫ్సర్ వాళ్లను పట్టుకునే ముహిం నడిపాడు. మన నిజాం సర్కార్ కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ఒక ఠగ్గు కథను నవలగా రాసి విలాయత్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఠగ్గుల గురించి అంగ్రేజులు చెప్పినదంతా నిజమా, హకూమత్ పెంచుకోవడానికి పెంచి చెప్పారా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కానీ పద్ధతి మాత్రం అందరికీ తెలిసిందే. దారిలో కలుస్తారు, తీపిగా మాట్లాడతారు, మీరొక్కరే వెళ్లడం మంచిది కాదు, కలిసి పోదాం అంటారు. మకాంలో రుమాలుతో పని ముగిస్తారు. ఇంకో రకం వాళ్లు ధతూరా, అంటే ఉమ్మెత్త గింజల పొడిని మిఠాయిలోనో వంటలోనో కలిపి పెట్టి, స్పృహ తప్పాక దోచుకునేవాళ్లు. రైల్వే స్టేషన్‌లో అపరిచితులు ఇచ్చిన తినుబండారాలు తీసుకోవద్దని మైకులో ఈ రోజుకీ వింటున్నామే, దానికి అంత వయసుంది.

ముఘల్ హకూమత్ కూలి, జాగీర్లు పోయి, సరాయి వక్ఫ్ భూములు చేతులు మారాక చౌకీదార్ల జీతం ఆగిపోయింది. జీతం ఆగిన చోట తలుపు వేసేవాడు లేడు. అప్పుడు వచ్చింది 1867 సరాయిల చట్టం, ఆ ఏడాది 22వ నెంబర్ చట్టం. బ్రిటిష్ ఇండియా చట్టం కాబట్టి నిజాం రియాసత్ దాని బయట. సరాయిలతో పాటు పడావ్‌లను కూడా అది తన కిందికి తెచ్చుకుంది. పడావ్ అంటే గోడా పైకప్పూ లేని ఖాళీ మైదానం, బండ్లు విప్పి రాత్రి ఆగే చోటు. ఈ నాటి ట్రక్ పార్కింగ్ అన్నమాట.

ఆ చట్టం ఏడో సెక్షన్ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. సరాయి నడిపేవాడు గదులు, వరండాలు, మోరీలు, బావులు శుభ్రంగా ఉంచాలి. గోడలు, తలుపులు, కప్పు మరమ్మతు చేయాలి. అంటురోగంతో ఎవరైనా పడిపోయినా, చనిపోయినా వెంటనే దగ్గరి ఠాణాకు చెప్పాలి. దొంగలు ఎక్కి దిగడానికి వీలయ్యే చెట్లను, కొమ్మలను కొట్టేయాలి. మనుషులకు, జంతువులకు, బండ్లకు సరిపడా చౌకీదార్లను మెజిస్ట్రేట్ చెప్పినంత మందిని పెట్టాలి. ధరల పట్టిక అందరికీ కనపడేలా, చెప్పిన జబానుల్లో వేలాడదీయాలి. చెట్టు కొమ్మ దాకా ఆలోచించారంటే ఎవరో నిజంగా సరాయిలో రాత్రి గడిపి, సామాను పోగొట్టుకుని ఈ సెక్షన్ రాశారనిపిస్తుంది. ఈ చట్టం ప్రకారం ఏ హోటల్లోనైనా మంచినీళ్లు ఉచితంగా అడగొచ్చని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఏడో సెక్షన్‌లో నీళ్ల గురించి ఉన్నది శుభ్రత మాటే.

రిజిస్టర్ కాని సరాయిలో ముసాఫిర్‌ను ఉంచుకోకూడదు. నడిపేవాడు మంచి నడవడిక సర్టిఫికెట్ తేకపోతే మెజిస్ట్రేట్ రిజిస్టర్ చేయననొచ్చు. మెజిస్ట్రేట్ అడిగితే ఎవరెవరు వచ్చి ఉన్నారో రాసి పంపాలి. ఇక్కడే అబుల్ ఫజల్ కొత్వాల్ మళ్లీ కనిపిస్తాడు. తప్పు చేస్తే జుర్మానా 20 రూపాయల దాకా, ఆ తర్వాత రోజుకు రూపాయి. మూడుసార్లు శిక్ష పడితే ఇక సరాయి నడిపే హక్కు లేదు. షేర్ షా ముఖద్దం తల నుంచి 20 రూపాయల జుర్మానా దాకా దిగింది, దిగడం మంచిదే. కానీ ఒక తేడా గమనించండి. ముసాఫిర్ సొమ్ము పోతే దాన్ని తిరిగి కట్టే జిమ్మా ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు. చౌకీదార్‌ను పెట్టావా లేదా అన్నదే లెక్క.

తర్వాత రైలు వచ్చింది. మూడు రోజుల సఫర్ ఒక రాత్రికి కుదించుకుపోయింది, మజిలీలు స్టేషన్లయ్యాయి. హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ ఎదుట ఏడవ నిజాం కాలంలో 1919లో కట్టిన సరాయి రైలు ముసాఫిర్ల కోసమే. వంద ఏళ్లు నిండేసరికి, 2019లో, అందులో కొంత భాగం కూలిపోయింది. ఢిల్లీలో సరాయి కాలే ఖాన్, సరాయి రోహిల్లా, యూపీలో ముఘల్‌సరాయి అనేవి పేర్లుగా మిగిలాయి. ముఘల్‌సరాయి స్టేషన్‌కు 2018లో ఆ పేరూ పోయింది.

రైలు తర్వాత లారీ వచ్చి ముసాఫిర్‌ను మళ్లీ సడక్ మీదికి తెచ్చింది, కానీ సరాయి తిరిగి రాలేదు. ధాబా వచ్చింది. నవారు మంచం ఇస్తాడు, రోటీ తిన్నవాడిని పడుకోనిస్తాడు. మంచివాడైతే రాత్రంతా లైటు వేసి ఉంచుతాడు. అది అతని మురవ్వత్, కానూన్ కాదు. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేలా బండిని రోడ్డు మీద నిలపకూడదు. సరే, మరి ఎక్కడ నిలపాలి? డ్రైవర్లకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని, ఐదు గంటలకు మించి ఏకబిగిన నడిపించకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 2025 దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. అయితే అది మామూలుగా ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే. ఒకే లారీ, ఒక డ్రైవర్, ఒక క్లీనర్‌తో బతికే మన కర్నూలు, నల్గొండ భాయిలకు ఆ చట్టం నేరుగా చేతికి అందేది కాదు. రాత్రి పోలీసులు బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగిస్తున్నారు, అది మంచి పనే. కానీ కడిగిన ముఖం ఎంతసేపు మేలుకుని ఉంటుంది?

ఈ మధ్య హైవేల పక్కన పెట్రోల్ బంకుల్లో ట్రక్ డ్రైవర్ల కోసం అప్నా ఘర్ పేరుతో పడకలు, స్నానాల గదులు వస్తున్నాయి. ఫోన్‌లో ఆప్ ద్వారా పడక తీసుకోవచ్చు. దర్వాజా, పేరు రాసుకోవడం, నీళ్లు, వండుకునే చోటు అన్నీ ఉంటే అది సరాయే. అది డ్రైవర్లకు. ఆడవాళ్లు, పిల్లలు, నానీలతో వెళ్లే కుటుంబానికి మాత్రం లాడ్జి లేకపోతే బండే గతి.

కాబట్టి బండిలోనే పడుకోవాల్సి వస్తే పాతవాళ్ల దగ్గర తీసుకోదగినవి కొన్ని ఉన్నాయి. తారు అంచున, సర్వీస్ రోడ్డు మూలన ఆపవద్దు, బంకు లోపలికో ధాబా ఆవరణలోకో పూర్తిగా దిగండి. అక్కడి మనిషిని అడిగి, చెప్పి ఆపండి. అడగడం వల్ల మీరు ఉన్నారని ఒకరికి తెలుస్తుంది, మనూచీ దర్బాన్ చేసింది అదే. ఏసీ వేసుకుని అద్దాలు పూర్తిగా మూసి, ఇంజన్ నడుస్తుండగా పడుకోవద్దు. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, మూసిన గదిలో బొగ్గుల కుంపటిలాంటిదే అది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చక్రాల మధ్యన, బండి వెనక దుప్పటి పరచవద్దు. లారీ టాప్ మీద, పిట్టగోడ లేని చోట అసలే వద్దు. పక్క బండివాళ్లు ఎంత మంచిగా కనిపించినా వాళ్లిచ్చిన చాయ్, మిఠాయి పిల్లలకు పెట్టవద్దు. ఇంట్లో ఒకరికి ఫోన్ చేసి ఎక్కడ ఆగారో, ఎన్నింటికి కదులుతారో చెప్పండి. పెద్దవాళ్లలో ఒకరు వంతుల ప్రకారం మేలుకుని ఉండండి. జాతీయ రహదారి మీద సహాయానికి 1033, ఏ ఆపదకైనా 112, రెండూ బండి అద్దం మీద రాసి అంటించుకోండి, ఫోన్‌లో సేవ్ చేసినవి చీకట్లో వెతుక్కోవడం కష్టం. కదిలే ముందు పేర్లు పిలిచి చూసుకోండి.